ఒడి పట్టిన రోజు

కాశింబీ పోయిన సంగతి నాకు పన్నెండు రోజుల తర్వాత తెలిసింది. ఫోను చేసింది ఆమె కోడలు మస్తానమ్మ. నా నంబరు పాత ఫోనులో ఉండిపోయిందనీ, అది పాడైపోయిందనీ, ఎవరెవరినో అడిగి సంపాదించేసరికి ఇన్నాళ్ళయిందనీ సంజాయిషీ చెప్పుకుంది. మనిషి ఉండగా ఏడాదికోసారి కూడా వెళ్ళనిదాన్ని, పోయాక ఎవరిని నిలదీస్తాను. మర్నాడు పొద్దున్నే గుంటూరులో ఒంగోలు బస్సెక్కాను. కాశింబీ ఊళ్ళో ఇప్పుడు బస్సు ఆగదు. రోడ్డు మీద వంతెన వేశారు, కింద సర్వీసు రోడ్డులో దించేసి పోతారు. అక్కణ్ణుంచి నడిచి వెళ్తే, ఒకప్పుడు వాళ్ళ పాక ముందు పత్తి బోరాలు పడి ఉండే చోట ఫోము పరుపుల దుకాణం కనిపించింది. కాశింబీ కొడుకుదే. ప్లాస్టిక్ కవర్లు తొడిగిన పరుపులు గోడకు నిలబెట్టి ఉన్నాయి. దూదన్నది ఎక్కడా లేదు.

మా పుట్టిల్లు పెదకాకాని అవతల, మిరప పండించే ఊరు. చిన్నప్పుడు ఇంటి వాసన అంటే నాకు కారం ఘాటే. కల్లంలో కాయలు ఎండబోసిన రోజుల్లో చుట్టాలు వస్తే గుమ్మంలోనే దగ్గు మొదలయ్యేది, మేం వాళ్ళను చూసి నవ్వేవాళ్ళం. మా అమ్మ తెల్లవారుతూనే కల్లాపి చల్లి, పాలు పితికి, కూలీలందరికీ అన్నాలు వండి, మధ్యాహ్నం వసారాలో చాప మీద ఒక్క అరగంట నడుం వాల్చేది. ఆ అరగంట ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. మా నాన్న పొలం నుంచి వచ్చినా చెప్పులు చేత్తో పట్టుకుని నూతి దగ్గరికి నడిచేవాడు. ఆ అరగంట తప్ప ఆ ఇంట్లో మా అమ్మకంటూ ఏమీ లేదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పత్తి తీతలు అయిపోయాక, ఏడాది విడిచి ఏడాది, కాశింబీ, ఆమె భర్త సైదులు మా ఇంటికి పాత పరుపులు విప్పి దూది ఏకడానికి వచ్చేవాళ్ళు. సైదులు భుజం మీద నరం కట్టిన విల్లు ఉండేది, మనిషంత పొడుగు. దాన్ని గొడ్లపాకలో దూలానికి వేలాడదీసి కొయ్యగుండుతో మీటుతుంటే, ఆ మోతకు నేను బడి మానేసేదాన్ని. గడ్డకట్టిన దూది విడివడి మోకాలి ఎత్తున లేచేది. కాశింబీ ముక్కుకు చెంగు కట్టుకుని జానెడు దబ్బనంతో పరుపు అంచులు కుట్టేది. వాళ్ళు ముస్లిములేగానీ మాట్లాడేది మా తెలుగే. వాళ్ళ గ్లాసులు చూరులో దోపి వేరుగా ఉండేవి. మా అమ్మ నీళ్ళు పైనుంచి పోసేది. ఆమె మా అమ్మ వయసు మనిషి, అయినా నేను ఏడేళ్ళప్పటి నుంచీ "కాశింబీ, ఇటు రా" అని పిలిచేదాన్ని. అలా పిలవడం తప్పని ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు మా పెరట్లోనే ఉండి పోయే మనుషులకు సొంత ఇల్లూ, సొంత పద్ధతులూ ఉంటాయని మాకెవరికీ తోచనే లేదు.

నా పెళ్ళి పరుపు కూడా ఆమే కుట్టింది. కుడుతూ కుడుతూ, "మీ అత్తగారూరికి పోయే బస్సు మా ఊరి మీదుగానే పోద్ది అమ్మాయ్. ఎప్పుడన్నా దిగు" అంది. మర్యాదకు అన్న మాటనుకుని నవ్వి ఊరుకున్నాను.

అత్తవారు సింగరాయకొండకు పడమర పొగాకు రైతులు. ఆయనకు ఊళ్ళో చాలా మంచి పేరు. (ఆయన అనే అలవాటు నాకింకా పోలేదు. చాలాసార్లు ప్రయత్నించాను.) గొంతు పెంచడు, తాగడు, పెద్దవాళ్ళు ఎదురైతే సైకిలు దిగి పలకరిస్తాడు. పొద్దున పొగాకు కాల్చే బ్యారన్ దగ్గరికి పోయే ముందు పెరటి తలుపు అవతల పొయ్యిలో బూడిద తెచ్చి పల్చగా చల్లిపోయేవాడు. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కోకముందే అక్కడ వంగి చూసేవాడు. అడుగు పడి ఉంటే ఎందుకు పడిందో నేను చెప్పాలి. కోడి తొక్కి ఉంటే ఏ కోడో చెప్పాలి. పుట్టింటి నుంచి వచ్చిన ఉత్తరాలు ఆయన చదివాకే నా చేతికి. నేను రాసేవి ఆయన చెబితే నేను రాయాలి. కొట్టేటప్పుడు కూడా తొందర ఉండేది కాదు. ముందు కిటికీ రెక్కలు మూసేవాడు, తర్వాత రేడియో పెట్టేవాడు, చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించేవాడు. ఈ వరస మొత్తం నేను నిలబడి చూడాలి.

రెండుసార్లు పుట్టింటికి పారిపోయాను. రెండుసార్లూ మా నాన్న, మేనమామ కలిసి మర్నాడే దింపి వచ్చారు. "తాగుతాడా, తిరుగుతాడా? ఏం తక్కువయిందని వచ్చావే?" అన్నాడు మేనమామ. బూడిద సంగతి చెబితే మా నాన్న కాసేపు ఆలోచించి, "దొంగల భయమేమోలే" అన్నాడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వినందుకు ఒళ్ళు మండుతుంది.

అందుకే మూడోసారి గుంటూరు దాకా టిక్కెట్టు తీసుకుని కూడా మధ్యలో కాశింబీ ఊళ్ళో దిగేశాను. మిట్టమధ్యాహ్నం. ఆమె గుమ్మంలో కూర్చుని దిండు కుడుతోంది. "ఏందమ్మాయ్, ఒక్కదానివే వచ్చావా?" అంది. కమిలిన నా మోచేతి వంక చూసింది. దూది గదిలో రెండు బోరాలు పక్కకు నెట్టి చాప వేసింది. పొద్దుగూకబోతుండగా వచ్చి, "మా ఇంట్లో తింటావా అమ్మాయ్, బియ్యమిస్తే వండుకుంటావా?" అని మొహమాటంగా అడిగింది. నాకు సిగ్గేసింది. ఆమె పెట్టిన అన్నం, గోంగూర పచ్చడి తిన్నాను. కారం మా ఊరిదే అయి ఉంటుంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ గదిలో నాలుగు రోజులున్నాను. రెప్పల మీద దూది, పెదాల మీద దూది, నీళ్ళు తాగితే నాలుక మీద నూగు. పత్తిగింజల నూనె వాసన బట్టలకు పట్టేసింది. అంత హాయిగా నేనెప్పుడూ నిద్రపోలేదు. ఎక్కడికి పోయావని నన్నెవరూ అడగలేదు. పెరట్లోకి పోయి వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి నా అడుగులు నేనే చూసుకునేదాన్ని. కాశింబీ అది గమనించి మూడో రోజున, "ఏం చూస్తున్నావమ్మాయ్?" అంది. చెప్పాను. ఆమె చేతిలో పని ఆపేసింది. ఒకసారి సైదులు ఆమెను పెరట్లోకి పిలిచి ఏదో గొంతు తగ్గించి చెబుతుంటే విన్నాను. దూది బేరమేమో అనుకున్నాను. ఆ సాయంత్రం అతను ఇంట్లో లేడు.

ఐదో రోజు పొద్దున మా అమ్మ వచ్చింది. మా నాన్న, మేనమామ రోడ్డు మీద జీపు దగ్గర నిలబడ్డారు. అమ్మ చేతిలో గుడ్డ కట్టిన గిన్నె ఉంది. విప్పకముందే నెయ్యీ యాలకులూ వాసన వచ్చింది. చలిమిడి. మా వైపు ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు తడి బియ్యప్పిండి, బెల్లప్పాకం, కొబ్బరి కలిపి చేసి, పసుపు కుంకుమలతో ఒళ్ళో పెడతారు. చెంగు చాపి ఒడి పట్టిందంటే పిల్ల వెళ్ళడానికి ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత కాదనకూడదు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ పైకి చెప్పరు.

అమ్మ మంచం మీద కూర్చోలేదు. కాశింబీ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు.

"ఒడి పట్టవే" అంది.

"నేను పోనమ్మా. ఈసారి చంపేస్తాడు."

"ముందు మనింటికే పోదాం. రెండ్రోజులు నా కాడ ఉండు. తర్వాత చూద్దాం."

"మరి చలిమిడెందుకు తెచ్చావు?"

అమ్మ కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. గిన్నె జారిపోతుందేమోనని చెంగు చాపాను. అబద్ధమెందుకు, జారిపోతుందని కాదు. ఎన్నో నెలలుగా మా అమ్మ చేతి ముద్ద తినలేదు. తల్లి వచ్చి పెడతానంటే చెంగు దానంతటదే ముందుకొచ్చింది. ఒళ్ళో ముద్ద పడగానే ఏం చేశానో తెలిసి కాశింబీ కోసం చూశాను. ఆమె గుమ్మం పక్కన దబ్బనంలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

మేనమామ గుమ్మం బయటి నుంచి లోపలికి తొంగి చూశాడు. "ఒడి పట్టింది. ఇంకేం, ఎక్కించండి" అన్నాడు.

జీపు గుంటూరు వైపు తిరగలేదు. ఒంగోలు వైపు తిరిగింది. అమ్మ నా పక్కనే కూర్చుని దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఆ తర్వాతి ఏడాది గురించి నేను పెద్దగా రాయను. ఎడమ చెవి అప్పుడే పోయింది. రేడియోలో పాట వస్తోంది. ఒక్క దెబ్బకు ఒక పక్క ఆగిపోయింది, రెండో పక్క చివరిదాకా వినపడింది.

మళ్ళీ పత్తి తీతలప్పుడు అదే బస్సులో వచ్చి అదే గుమ్మం ముందు నిలబడ్డాను. కాశింబీ లోపలికి రమ్మని, చాప వేసి, నా ఎడమ పక్క నుంచి ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. "పలకవేందమ్మాయ్?" అంటూ ముందుకొచ్చి నా మొహం చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. నేల మీద కూలబడి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనే పక్కన కూర్చుని ఓదార్చాను. ఎంత మంచి మనిషి, పరాయిదాని చెవి పోతే ఇంత ఏడుస్తోంది అనుకున్నాను.

వారం తిరక్కుండానే మా నాన్న, మేనమామ వచ్చారు. ఈసారి అమ్మ రాలేదు. కాశింబీ గుమ్మానికి అడ్డంగా పరుపు పరిచి దాని మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది.

"అమ్మాయి రాదు" అంది, తలెత్తకుండానే.

"మా పిల్ల, మా ఇష్టం. మధ్యలో నువ్వెవరే?" అన్నాడు మేనమామ.

"ఎవర్నీ కాదు. అమ్మాయి రాదు."

మా నాన్న ముందుకొచ్చాడు. "కాశింబీ, ఇక మా చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ సైదులు విల్లు మోగదు. ఆలోచించుకో" అన్నాడు.

"మోగకపోతే మానె. నన్ను దాటుకుని పొండి, చూద్దాం" అంది.

వాళ్ళు వెళ్ళిపోయారు. మా నాన్న అన్నంత పనీ చేశాడు. ఆ తర్వాత ఏ రైతూ సైదుల్ని పిలవలేదు. అతను జిన్నింగు మిల్లులో కూలికి చేరాడు, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి కొన్నేళ్ళకే దగ్గి దగ్గి పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నా మొహంలోకి సూటిగా ఎప్పుడూ చూడనూ లేదు. ఆ ఇంట్లో నేను పదకొండేళ్ళున్నాను. దబ్బనం పట్టడం నేర్చుకున్నాను, కాశింబీని పిన్నీ అని పిలవడం నేర్చుకున్నాను. దూది పరుపులు అడిగేవాళ్ళు తగ్గిపోయాక గుంటూరులో ఆడపిల్లల హాస్టలులో వార్డెనుగా చేరాను. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని విన్నాను. ఆ రెండో భార్య గురించి ఆలోచించడం నాకిప్పటికీ చేతకాదు. మా అమ్మ పోయిన కబురు మూడో రోజున ఎవరో బస్టాండులో కనిపించి చెప్పారు.

ఇన్నేళ్ళూ నేను కూలిపోకుండా ఒక్క ఆలోచన పట్టుకుని ఉన్నాను. నాన్న పంపించాడు, మామ పంపించాడు, కన్నతల్లి తన చేత్తో కలిపి తెచ్చి మరీ పంపించింది. కాశింబీ ఒక్కతే పంపలేదు. ఆ రోజు తలెత్తి చూడలేదంటే, పాపం, చలిమిడి అంటే ఏమిటో ఆమెకు తెలియదు. తల్లి తీపి తెచ్చింది, కూతురు తీసుకుంది అనుకుని ఉంటుంది. వాళ్ళకేం తెలుసు మా పద్ధతులు. తెలిసి ఉంటే గుమ్మంలో పరుపు ఆ రోజే పరిచేది. లోకంలో ఒక మనిషి నా వైపుందని నేను నమ్మింది ఈ లెక్క మీదే.

మస్తానమ్మ టీ ఇచ్చి నా పక్కన కూర్చుంది. "ఆఖరి ఏడాది మా అత్తకి మతి సరిగా లేదక్కా. అన్నీ కలిపేసి మాట్టాడేది. నీ సంగతి మాత్రం వరసగా చెప్పేది" అంది.

"ఏమని?"

"చలిమిడి తెమ్మంది నేనే అని. తింటా అదే మాట, పడుకుని అదే మాట."

తను నా వినపడని వైపు కూర్చుందేమో, తప్పుగా విన్నానేమో అనుకుని ఇటు జరిగి కూర్చున్నాను. మస్తానమ్మ నాకు తెలిసిన సంగతే అనుకుని చెప్పుకుపోతోంది. "మా మామని మీ ఊరు పంపిందంట గదా, అమ్మాయి మా కాడ ఉంది, తీసుకుపోండి అని. ఊరికే పిలిస్తే రాదు, వాళ్ళమ్మని చలిమిడి కలుపుకురమ్మను, ఒడి పట్టాక ఆడపిల్ల కాదనదు అని చెప్పిచ్చిందంట."

"మీలో కూడా చలిమిడి పెడతారా?"

మస్తానమ్మ నన్ను వింతగా చూసింది. "అదేందక్కా? పెట్టకుండా పిల్లనెట్టా పంపుతాం? మా అమ్మ నాకు పెట్టింది. మా అత్తకి వాళ్ళమ్మ పెట్టింది. పదకొండేళ్ళు ఈ ఇంట్లో ఉన్నావు, నీకు తెలవదా?"

తెలియదు. కాశింబీకి ఆడపిల్లలు లేరు, ఆ గుమ్మంలోంచి ఎవరినీ సాగనంపడం నేను చూడలేదు. నేను అడగనూ లేదు.

"ఎందుకట్లా చేసింది?" అన్నాను.

"భయపడిందక్కా. పెద్దోళ్ళ పిల్లని దాచిపెట్టారని కేసు పెడితే ఏం చేస్తాం? వాళ్ళిళ్ళకి పోయి దూది ఏక్కునే బతుకులు. కేసులకి నిలబడతామా?" అని, గ్లాసు నా వైపు జరిపి, "టీ చల్లారిపోతంది, తాగు" అంది.

ఇంటికి వచ్చాక వారం రోజులు అన్నం సయించలేదు. మా అమ్మ మీద ఇన్నేళ్ళు పెట్టుకున్న కోపం చాలదన్నట్టు, మట్టిలో కలిసిన మనిషి మీద కొత్త కోపం. నా మీద మమకారంతో ఉంచుకుందనుకున్నాను. తప్పు దిద్దుకోవడానికి ఉంచుకుంది. రెండూ ఒకటేలే అని సర్దిచెప్పుకోబోయాను. ఒకటి కాదు. ఆ పదకొండేళ్ళలో ఆమె వడ్డించిన ప్రతి ముద్దా ఇప్పుడు వేరే రుచిగా గుర్తొస్తోంది.

అయినా ఆ కోపాన్ని నేను ఎంతో దూరం లాక్కెళ్ళలేను. కారణం చెప్పకపోతే ఈ రాత అబద్ధం. రెండేళ్ళ కిందట, ఒక పనిరోజు పొద్దున, మా పై ఫ్లాటు అమ్మాయి నా తలుపు తట్టింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఫోను ఆపేసి చేత్తో గట్టిగా పట్టుకుని ఉంది. ఆ ఫోను తెరిచి ఉంటే తను ఎక్కడుందో వాళ్ళాయనకు ఆఫీసులో కూర్చునే తెలిసిపోతుందట. మా రోజుల్లో బూడిద, ఇప్పుడు ఇది. మిగతా వరస అంతా నాకు తెలిసిందే. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. మా అపార్టుమెంటు లిఫ్టు పక్కనే, ఆపదలో ఉన్న ఆడవాళ్ళు ఫోను చెయ్యాల్సిన నంబరు పెద్ద అక్షరాలతో అంటించి ఉంటుంది. పోలీసు స్టేషనులో ఆడవాళ్ళకు వేరే బల్ల ఉంది. ఇలాంటి విషయాల మీద నన్ను సభలకు పిలిచి శాలువా కప్పిన వాళ్ళున్నారు. అప్పట్లో కాశింబీకి ఇవేవీ లేవు.

గంట తిరక్కుండా అపార్టుమెంటు సెక్రటరీ ఫోను చేశాడు. "మేడమ్, పై ఫ్లాటమ్మాయి మీ ఇంట్లోకి రావడం వాచ్‌మన్ చూశాడట. వాళ్ళాయన ఆఫీసు నుంచి వచ్చేసి కింద నిలబడ్డాడు. మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకండీ. మీరు చూస్తే ఒక్కరే ఉంటారు" అన్నాడు. అతని గొంతులో బెదిరింపేమీ లేదు. నాకు భయమేసింది. నాకు పోయే పంట లేదు, ఆగిపోయే విల్లు లేదు. సొంత ఫ్లాటు, నెల నెలా పింఛను. అయినా లేచి తలుపు గడియ చూసొచ్చాను. "ఇవాళ్టికి వెళ్ళమ్మా. మీ అమ్మగారి నంబరివ్వు, నేను మాట్లాడతాను" అన్నాను. ఆ పిల్ల లేచి, వంటింట్లోకి పోయి తను తాగిన కప్పు కడిగి బోర్లించి, వెళ్ళిపోయింది. వాళ్ళమ్మకు ఫోను చేశాను. "మేము చూసుకుంటామండీ" అంది ఆవిడ. నెల తిరక్కుండా వాళ్ళు ఫ్లాటు ఖాళీ చేశారు. ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు.

కాశింబీ నన్ను ఒకసారి అప్పజెప్పింది. ఏడాదికి నేను ఒక్క చెవితో తిరిగివెళ్ళి అదే తలుపు తట్టాను, ఆమె తీసింది. ఆ పిల్ల నా తలుపు రెండోసారి తట్టలేదు.